విదేశీ పాలసీ స్కూళ్లతో ఆన్‌లైన్ కొలాబరేషన్: ముందు ఒక క్లాసు, తర్వాతే ఎంఓయూ

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. గుంటూరులో మీ కాలేజీ ఈ ఏడాది పబ్లిక్ పాలసీలో ఎంఏ మొదలుపెట్టింది. విదేశీ పాలసీ స్కూళ్లున్న ఏదైనా ఆన్‌లైన్ నెట్‌వర్క్‌లో చేరి ఇంటర్నేషనల్ కొలాబరేషన్ చూపించమని మేనేజ్‌మెంట్ అంటోంది. బడ్జెట్ దాదాపు లేదు. ఏ నెట్‌వర్క్‌లో చేరాలి, ఎవరితో ఎంఓయూ (రెండు సంస్థల మధ్య అవగాహన ఒప్పందం) రాసుకోవాలి, అసలు మనలాంటి కాలేజీని వాళ్లు పట్టించుకుంటారా?

ముందు సూటిగా జవాబు. ఈ ఏడాది ఎంఓయూ జోలికి వెళ్లకండి. విదేశంలో మీలాగే పాఠం చెప్పే ఒక్క టీచర్‌ని వెతుక్కోండి. మీ సిలబస్‌లో ఉన్న ఒక యూనిట్‌ని ఆరు వారాలపాటు ఇద్దరూ కలిసి చెప్పండి. మీ ఊరి సమస్య ఒకటి, వాళ్ల ఊరి సమస్య ఒకటి పక్కపక్కన పెట్టి రెండు వైపుల పిల్లల చేత పని చేయించండి. పట్టించుకుంటారా అంటే, తప్పకుండా పట్టించుకుంటారు. వాళ్ల లైబ్రరీల్లో దొరకని సరుకు మన దగ్గర ఉంది. అదేమిటో కింద చెబుతాను.

నేను విజయవాడ, గుంటూరు కాలేజీల్లో పదహారేళ్లుగా పాలన, విధానాల పాఠాలు చెబుతున్నాను. ఇలా విదేశీ టీచర్లతో కలిసి ఐదు ప్రయత్నాలు చేశాను. మూడు బాగా నడిచాయి, ఒకటి మధ్యలో ఆగిపోయింది, ఒకటి అసలు మొదలే కాలేదు. మొదలు కానిదాని గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే మీ మేనేజ్‌మెంట్ ఇప్పుడు ఆ దారిలోనే అడుగేస్తోంది.

అప్పట్లో నేను పనిచేస్తున్న కాలేజీ యూరప్‌లోని ఒక యూనివర్సిటీతో ఎంఓయూ చేసుకుంది. కాగితాలు అటూ ఇటూ తిరగడానికే ఎనిమిది నెలలు పట్టింది. సంతకాలయ్యాయి, పేపర్లో ఫొటో వచ్చింది, ఎంఓయూ ఫ్రేము కట్టించి ఆఫీసు గదిలో పెట్టారు. మూడేళ్లకు గడువు తీరిపోయింది. ఈ మూడేళ్లలో ఒక్క క్లాసు జరగలేదు. ఎవరి దుర్మార్గమూ లేదు అందులో. సంతకాలు పెట్టిన ఇద్దరూ పాఠాలు చెప్పేవాళ్లు కారు, పాఠాలు చెప్పేవాళ్లలో ఎవరూ వారానికి ఒక గంట ఇస్తామని మాట ఇవ్వలేదు, అంతే. రెండో ఏడాదిలో ఒక అమ్మాయి వచ్చి, “ఆ యూనివర్సిటీ వాళ్లతో మనం ఎప్పుడు మాట్లాడతాం సర్?” అని అడిగింది. ఆ కోర్సు బ్రోచర్‌లో ఎంఓయూ గురించి చదివే చేరిందట. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి నేను టీచర్ దగ్గరే మొదలుపెడుతున్నాను.

ఇక నెట్‌వర్క్‌లు. పేర్లన్నీ ఒకేలా వినిపిస్తాయి కానీ వాటి పనులు వేరు. గ్లోబల్ పబ్లిక్ పాలసీ నెట్‌వర్క్ 2005లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీ, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, పారిస్‌లోని సియాన్స్ పో కలిసి పెట్టుకున్నది. తర్వాత సింగపూర్‌లోని లీ క్వాన్ యూ స్కూల్, బెర్లిన్‌లోని హెర్టీ స్కూల్ లాంటివి కలిశాయి. అది కొద్దిపాటి పెద్ద స్కూళ్ల కూటమి, డ్యూయల్ డిగ్రీలు దాని ముఖ్యమైన పని. మీ మొదటి మెట్టు అది కాదు. నాస్పా 1970లో అమెరికాలో పుట్టిన పాలసీ, పాలన స్కూళ్ల సంఘం. కోర్సులకు అక్రెడిటేషన్, అంటే నాణ్యత గుర్తింపు ఇస్తుంది, విద్యార్థులకు సిమ్యులేషన్ పోటీలు కూడా పెడుతుంది. సభ్యత్వం సంస్థ తీసుకోవాలి, ఫీజు డాలర్లలో ఉంటుంది. మీకు ఇప్పుడు పనికొచ్చేది 2014లో ఏర్పడిన ఇంటర్నేషనల్ పబ్లిక్ పాలసీ అసోసియేషన్ లాంటిది. అందులో టీచర్లు వ్యక్తిగతంగా చేరవచ్చు. రెండేళ్లకోసారి పెద్ద సదస్సు పెడుతుంది, 2017లో సింగపూర్‌లో, 2025లో థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో జరిగింది. ఆ సదస్సుకు వెళ్లలేకపోయినా పర్వాలేదు. అక్కడ వరదల మీదో, సాగునీటి మీదో పేపర్ చదివిన వాళ్ల జాబితా చూడండి. మీకు కావలసిన టీచర్ పేరు అందులో ఉంటుంది.

నెట్‌వర్క్ చేసేది పెళ్లిచూపులు ఏర్పాటు చేయడం వరకే. కాపురం మీరిద్దరు టీచర్లే చేసుకోవాలి.

ఈ పద్ధతికి ప్రపంచంలో ఒక పేరుంది. న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ 2006లో దీనికోసమే ఒక కేంద్రం పెట్టింది, దీన్ని ‘కాయిల్’ అంటారు. కొలాబరేటివ్ ఆన్‌లైన్ ఇంటర్నేషనల్ లెర్నింగ్ అన్నమాట. కొత్త కోర్సు పెట్టక్కర్లేదు, ఫీజులు మారవు, ఎవరి పిల్లలకు వాళ్ల కాలేజీయే మార్కులు వేస్తుంది. ఉన్న సిలబస్‌లోనే కొన్ని వారాలు ఉమ్మడిగా నడుస్తాయి. మీ మొదటి మెయిల్‌లో ఈ మాట వాడండి. అవతలి టీచర్‌కి మీరేం అడుగుతున్నారో ఒక్క లైన్‌లో అర్థమైపోతుంది, తన డిపార్ట్‌మెంట్‌లో అనుమతి అడగడం కూడా తేలికవుతుంది.

మన దగ్గర ఉన్న సరుకు

మన కాలేజీలు విదేశీ స్కూళ్లకు రాసే మెయిళ్లు చాలా చూశాను. అన్నిటిలోనూ ఒకటే ధోరణి: మీ ప్రొఫెసర్ గారు మా పిల్లలకు ఒక లెక్చర్ ఇస్తే ధన్యులం. అలాంటి మెయిళ్లు వాళ్లకు కుప్పలుగా వస్తుంటాయి. గెస్ట్ లెక్చర్ అడిగితే మనం శ్రోతలుగానే మిగిలిపోతాం. ఇవ్వడానికి మన దగ్గర ఏముందో చెప్పి రాసిన మెయిల్‌కి మాత్రం జవాబు వస్తుంది. నాకు వచ్చింది.

మీ కాలేజీకి గంట ప్రయాణంలో ఏమున్నాయో చూడండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచిన విజయవాడ ఉంది. ఆసియాలోనే అతి పెద్ద మిర్చి మార్కెట్ మీ ఊళ్లోనే ఉంది. టిక్కీ (మిర్చి బస్తా) యార్డులోకి వచ్చిన దగ్గర నుంచి రైతు చేతికి డబ్బు అందేదాకా నడిచే తీరు ఒక సెమిస్టర్‌కి సరిపడా పాఠం. 1997 చట్టంతో సాగునీటి కాలవల నిర్వహణను రైతుల నీటి వినియోగదారుల సంఘాలకు అప్పగించిన రాష్ట్రం మనది. రాష్ట్రమంతా ఒక్కసారిగా పదివేల పైచిలుకు సంఘాలు ఏర్పడ్డాయి. సాగునీటి పాలన చదివే ఏ విదేశీ విద్యార్థికైనా ఆంధ్రప్రదేశ్ పేరు తెలిసే ఉంటుంది. ఆ సంఘాలు ఇప్పుడు ఎలా ఉన్నాయి, శివారు భూములకు నీళ్లు అందుతున్నాయా అన్నది తెనాలి, బాపట్ల వైపు నుంచి వచ్చే మీ పిల్లలు ఇంటికెళ్లి నాన్ననో, మావయ్యనో అడిగి చెప్పగలరు. 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు మరొకటి.

అమరావతి భూసమీకరణ అందరికీ మొదట తట్టే అంశం. ముప్పై వేల ఎకరాలకు పైగా రైతులు ఇచ్చిన భూమి అది, నిజంగా గొప్ప పాఠమే. అయినా మొదటి ఏడాదికి వద్దంటాను. మీ క్లాసులో సగం మందికి ఆ గ్రామాల్లో చుట్టాలుంటారు. రెండో వారానికే క్లాసు పార్టీల వాదనగా మారుతుంది, విదేశీ పిల్లలు నోరు తెరవడానికి భయపడతారు. మీకు ఆ టీచర్‌తో చనువు ఏర్పడ్డాక, రెండో ఏడాదో మూడో ఏడాదో పెట్టుకోండి.

మనీలాతో మా అనుభవం

2025 సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలోని ఒక పాలసీ స్కూల్ టీచర్‌తో కలిసి ఆరు వారాల పాఠం నడిపాను. అంశం: వరద హెచ్చరిక ఇంటిదాకా ఎలా చేరుతుంది. మా వైపు 24 మంది, వాళ్ల వైపు 21 మంది. ఐదుగురేసి గ్రూపులు, ప్రతి గ్రూపులో రెండు ఊళ్లవాళ్లూ ఉండాలి.

మా పిల్లలు బుడమేరు ముంచిన విజయవాడ సింగ్‌నగర్ వెళ్లి ఇళ్లవాళ్లతో మాట్లాడారు. వాళ్ల పిల్లలు మరికినా నది ఒడ్డున, 2009లో ఒండోయ్ తుపానుకు మునిగిన పేటల్లో మాట్లాడారు. మూడో వారంలో ఇద్దరూ తెచ్చినవి పక్కపక్కన పెట్టినప్పుడు ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న నేను పదహారేళ్లలో ఒక్కసారి కూడా క్లాసులో లేవనెత్తనిది. మరికినాలో నది 15 మీటర్లకు వస్తే సిద్ధంగా ఉండండి, 16కి వస్తే కదలండి, 18కి వస్తే తప్పనిసరిగా ఖాళీ చేయండి అని అర్థం. అంకె వినగానే ఏం చేయాలో ఇంట్లో ముసలమ్మకు కూడా తెలుసు. మన ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, రెండో ప్రమాద హెచ్చరిక ఉంటాయి, లెక్క క్యూసెక్కుల్లో. ఆ అమ్మాయి అడిగింది: “పదకొండు లక్షల క్యూసెక్కులు అంటే మా గుమ్మం దాకానా, మంచం దాకానా అని సింగ్‌నగర్‌లో ఉన్నామెకు ఎలా తెలుస్తుంది?”

దాని వెనకాలే ఇంకోటి బయటపడింది. 2024 వరదలో బ్యారేజీ దగ్గర ఎన్నడూ లేనంత ప్రవాహం వచ్చినా కృష్ణ ఒడ్డున కృష్ణలంకను రిటైనింగ్ వాల్ కాపాడింది. ఊరిని ముంచిన నీళ్లు రెండో వైపు నుంచి, బుడమేరు గండ్ల నుంచి వచ్చాయి. అందరూ కృష్ణ అంకెలు చూస్తుండగా బుడమేరు ఇళ్లలోకి వచ్చింది. బుడమేరు మళ్లింపు కాలవ బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది కాబట్టి, నది నిండుగా ఉన్నప్పుడు ఆ నీళ్లు పోయే దారి కూడా కష్టమవుతుంది. మా పిల్లల్లో చాలామంది విజయవాడ పరిసరాల వాళ్లే. అయినా ఈ రెంటినీ కలిపి చూడటం, బయటివాళ్లకు బొమ్మ గీసి చెప్పాల్సి వచ్చినప్పుడే వాళ్లకు కుదిరింది. మన ఊరు మనకు ఎంత తెలుసో, తెలియనివాళ్లకు చెప్పబోతే అప్పుడు బయటపడుతుంది.

వాళ్లు మన నుంచి తీసుకున్నదీ ఉంది. వరద తగ్గాక ఇంటింటికీ తిరిగి నష్టం లెక్కగట్టిన తీరు, కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పైఅంతస్తుల వాళ్లకు 10 వేలు అని నిర్ణయించి ఖాతాల్లో వేసిన తీరు వాళ్లను బాగా ఆకట్టుకున్నాయి. ఆ వెంటనే గట్టి ప్రశ్నలు వేశారు. అద్దెకున్నవాళ్ల సంగతేమిటి? తాళం వేసి వెళ్లిపోయిన ఇంటిని ఎలా లెక్కపెట్టారు? మావాళ్లు మళ్లీ సింగ్‌నగర్ వెళ్లాల్సి వచ్చింది. రెండోసారి వెళ్లమని నేను చెప్పలేదు, వాళ్లే వెళ్లారు. చివరి వారం ఒక గ్రూపు నాలుగు బొమ్మలతో ఒక పేజీ హెచ్చరిక నమూనా తయారుచేసి ఒక వార్డు సచివాలయంలో చూపించింది. అక్కడి ఉద్యోగి, తెలుగులో ఇంకో కాపీ ఇవ్వండి, గోడకు పెట్టుకుంటాను అన్నారు.

మనీలానే ఎందుకంటే, అక్కడి పిల్లలకూ ఇంగ్లీషు రెండో భాషే. ఇది చాలా పెద్ద విషయం. మన పిల్లలు తెలివైనవాళ్లు, కానీ ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాళ్ల ముందు జూమ్‌లో కెమెరా ఆపేసి మౌనంగా కూర్చుంటారు. అటువైపు వాళ్లు కూడా మాట కోసం తడుముకుంటూ, మధ్యలో నవ్వేస్తూ మాట్లాడుతుంటే మనవాళ్లకు ధైర్యం వస్తుంది. మొదటి భాగస్వామిని ఫిలిప్పీన్స్, ఇండొనేషియా, వియత్నాం లాంటి చోట్ల వెతకండి. టైమ్ కూడా కలుస్తుంది, మనీలా మనకంటే రెండున్నర గంటలు ముందు. మన మధ్యాహ్నం రెండింటికి అక్కడ నాలుగున్నర. ఇద్దరూ కాలేజీలోనే ఉంటారు.

టైమ్ చిన్న విషయం అనుకోకండి

మధ్యలో ఆగిపోయిందన్నానే, అది అమెరికాలోని ఒక స్కూల్‌తో. వాళ్ల ఉదయం పది, మన సాయంత్రం ఏడున్నర. మొదట్లో అందరూ వచ్చేవాళ్లు. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి జరుపుతారు. ఆ వారం నుంచి మాకు క్లాసు ఎనిమిదిన్నరకు పడింది. సాయంత్రం బస్సెక్కి మంగళగిరి, పొన్నూరు వెళ్లిపోయే అమ్మాయిలు ఇంటి నుంచి ఫోన్లో చేరేవాళ్లు. ఎనిమిదిన్నర అంటే ఇంట్లో వంట, భోజనాలు, ఒకటే గది. వారానికి ఇద్దరు ముగ్గురు చొప్పున తగ్గిపోయారు, మిగిలింది హాస్టల్ అబ్బాయిలు. క్లాసుకి ఎవరు రాగలరో నేను ముందే ఆలోచించి ఉండాల్సింది. ఇప్పుడు మాత్రం ముఖాముఖి మాట్లాడే క్లాసు రెండు వారాలకు ఒక్కటే, అదీ కాలేజీ వేళల్లోనే పెడుతున్నాను. మిగతాదంతా ఎవరి వీలును బట్టి వాళ్లు చేసుకునేది: ఉమ్మడి గూగుల్ డాక్, రెండు నిమిషాల వీడియోలు, గ్రూపు వాట్సాప్. యూరప్‌తో చేస్తే అక్కడ గడియారం మారేది మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాల్లో. దసరా సెలవులు, వాళ్ల సెలవులు, పరీక్షలు అన్నీ ఒకే క్యాలెండర్ మీద ముందే గుర్తుపెట్టుకోండి. మన మొదటి సెమిస్టర్‌లో సెప్టెంబర్, అక్టోబర్ చాలా దేశాలతో కలుస్తాయి.

పని సమానంగా ఉండాలి

దీని దగ్గర నేను పట్టుదలగా ఉంటాను, మీరూ ఉండండి. బాగా నడిచిన మూడింటిలో మొదటిదానిలో ఒక పొరపాటు జరిగింది. మా పిల్లలు ఎండలో తిరిగి వివరాలు తెచ్చారు, అటువైపు పిల్లలు వాటిని విశ్లేషించి రిపోర్టు రాశారు. రిపోర్టు చాలా అందంగా వచ్చింది. మా వాళ్ల పేర్లు చివరి పేజీలో కృతజ్ఞతల కింద ఉన్నాయి. ఎవరూ చెడు ఉద్దేశంతో చేయలేదు, పని అలా జారిపోయింది. అవతలి టీచర్‌కి ఫోన్ చేసి చెప్పాను, ఆవిడ వెంటనే ఒప్పుకుని పేర్లు ముందుకు తెచ్చారు. అప్పటి నుంచి మొదటి మెయిల్‌లోనే రాస్తున్నాను: రెండు వైపులా ఫీల్డ్‌కి వెళ్తారు, రెండు వైపులా రాస్తారు, పేర్లు అక్షర క్రమంలో ఉంటాయి. దీనికి ఒప్పుకోని స్కూల్ ఎంత పేరున్నదైనా వదిలేయండి.

ఫీల్డ్ అంటే ఇళ్లలోకి వెళ్లడం. వరదలో సామానంతా పోయినామె మన పిల్లల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి కష్టం చెబుతుంది. ఆమె పేరు, ఫొటో, ఇంటి నంబరు విదేశీ డ్రైవ్‌లోకి వెళ్లకూడదు. సమ్మతి పత్రం తెలుగులో రాయండి, చదవలేనివాళ్లకు చదివి వినిపించండి, ఉమ్మడి ఫోల్డర్‌లో పేర్ల బదులు నంబర్లు వాడండి. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది, కానీ చట్టం లేకపోయినా ఇది చేయాల్సిందే. విదేశీ యూనివర్సిటీల్లో ఇంటర్వ్యూలకు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, దానికి వారాలు పడుతుంది. సెప్టెంబర్‌లో క్లాసు అంటే జూన్‌లోనే ప్రశ్నావళి పంపేయండి.

ఇంటర్వ్యూలు తెలుగులోనే చేయించండి. తర్వాత ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు కొన్ని మాటలు మారవు, వాటిని అలాగే ఉంచి కింద వివరించమనండి. “గండి”, “ముంపు”, “శివారు” అన్న మాటలు మా మనీలా పిల్లలు ఆఖరి ప్రజెంటేషన్‌లో తెలుగులోనే పలికారు.

రూల్స్, డబ్బు

ఇది త్వరగా చెప్పేస్తాను. మార్కులు, క్రెడిట్లు ఎవరివి వాళ్లవే అయితే, ఉన్న సిలబస్‌లోనే అయితే, సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో చెప్పి, ప్రిన్సిపాల్ లెటర్ తీసుకుని మొదలుపెట్టవచ్చు. మీది అఫిలియేటెడ్ కాలేజీ అయితే ఇంటర్నల్ మార్కుల పరిధిలో ఉంచండి. జాయింట్, డ్యూయల్, ట్విన్నింగ్ డిగ్రీల మాట వస్తే యూజీసీ 2022 రెగ్యులేషన్లు వర్తిస్తాయి. వాటిలో న్యాక్ (కాలేజీల నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే సంస్థ) స్కోర్, ర్యాంకుల షరతులున్నాయి, పైగా అవి ఆన్‌లైన్, దూరవిద్య కోర్సులకు వర్తించవు. కాబట్టి “ఆన్‌లైన్‌లో ఫారిన్ జాయింట్ డిగ్రీ పెట్టేద్దాం” అని ఎవరైనా మేనేజ్‌మెంట్‌కి చెబితే అక్కడే ఆపండి.

విదేశం నుంచి చిన్న గ్రాంట్ ఇస్తామన్నా మొదటి ఏడాది తీసుకోవద్దు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో కావాలి, డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి. మీ అకౌంట్స్ ఆఫీసర్‌ని అడగకుండా ఎవరికీ మాట ఇవ్వకండి. మా మనీలా పాఠానికి ఇంటర్నెట్, బస్సు చార్జీలు, జిరాక్సులు తప్ప ఖర్చు లేదు. జూమ్ ఉచిత ఖాతా నలభై నిమిషాలకు ఆగిపోతుంది. అవతలి యూనివర్సిటీకి ఎలాగూ లైసెన్స్ ఉంటుంది, మీటింగ్ వాళ్లనే పెట్టమనండి.

ఇక మేనేజ్‌మెంట్‌కి ఏం చెప్పాలి? వాళ్లు చెడ్డవాళ్లు కారు, న్యాక్ వాళ్లకు చూపించడానికి వాళ్లకు కాగితం కావాలి. ఆ కాగితం ఇవ్వండి. వారంవారం హాజరు, ఉమ్మడి సిలబస్ పేజీ, పిల్లల రిపోర్టు, రెండు వైపుల టీచర్లు సంతకం చేసిన సర్టిఫికెట్లు దాచిపెట్టండి. రెండేళ్లు ఇలా నడిచాక ఎంఓయూ రాసుకుంటే, అందులో ఏం రాయాలో మీకే తెలుస్తుంది. మా మనీలా ఎంఓయూ పేజీన్నర, రెండు వారాల్లో పూర్తయింది. అందులో ఇద్దరు టీచర్ల పేర్లు, ఏ నెలల్లో, ఎన్ని గంటలు, ఏ కోర్సులో అన్నవి ఉన్నాయి. ఆ ఇద్దరిలో ఎవరైనా బదిలీ అయితే పాఠం ఎవరు తీసుకుంటారో కూడా రాసుకున్నాం.

మీ మొదటి మెయిల్ పది లైన్లు దాటకూడదు. మీరెవరు, ఏ పేపర్ చదివి వాళ్లకు రాస్తున్నారు, మీ పిల్లలు ఎంతమంది, మీ ఊళ్లో వాళ్లకు చూపించగలిగేది ఏమిటి, ఏ ఆరు వారాలు. చివర్లో ఇరవై నిమిషాల కాల్ అడగండి. ఐదుగురికి రాస్తే ఒకరు పలుకుతారు, నా అనుభవంలో అలాగే జరిగింది. మిర్చి యార్డు మీద రాయాలనుకుంటే ఇక్కడే చెప్పండి. ధరల విషయంలో పిల్లల చేత ఏ ప్రశ్నలు అడిగించాలో నేను రాసి పెట్టుకున్నవి ఉన్నాయి, ఇస్తాను.